కబాబు పక్కన చట్నీ ఉండేది

హైదరాబాదు బహదూర్‌పురా చౌరస్తాలో సాయంత్రం పూట ఒక్క అరగంట నిలబడి చూడండి. జూ చూసి పిల్లాజెల్లాతో బయటికొచ్చే కుటుంబాలు, పురానాపూల్ వైపు నుంచి తోసుకొచ్చే ఆటోలు, 2022లో తెరిచిన ఫ్లైఓవర్, ఆ చుట్టుపక్కల వరసగా బండ్లు. షవర్మా, మోమోలు, ఫ్రైడ్ చికెన్, బర్గర్లు. ఏ బండి మీద చూసినా మూతికి గొట్టం ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి, లోపల తెల్లగా మయోనైజ్. దాన్ని ఎప్పుడు కలిపారో, ఎంతసేపటి నుంచి పొయ్యి పక్క వేడిలో ఉందో అడిగే నాథుడు లేడు. ఈమధ్య సీక్ కబాబు కట్టించుకుంటూ చట్నీ వేయమన్నాను. "చట్నీ నై చాచా, మయోనైజ్ హై" అన్నాడు కుర్రాడు. వాడి తప్పేం లేదు, చట్నీ అడిగేవాళ్ళే లేరంట. పాతబస్తీలో కబాబు అమ్ముతూ చట్నీ లేదని చెప్పే కాలం వస్తుందని నేను అనుకోలేదు.

మా రోజుల్లో, అంటే 1960ల చివర, 70ల మాట, ఈ పేటలో కాల్చిన మాంసం పక్కన కొత్తిమీర పుదీన చట్నీ లేకుండా ఆకు దొప్ప చేతికొచ్చేది కాదు. ఇంట్లోనూ అంతే. మా అమ్మ మధ్యాహ్నం మూడు దాటాక రోటి దగ్గర కూర్చునేది. రెండు కట్టల కొత్తిమీర, ఒక కట్ట పుదీన, పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం జీలకర్ర, కల్లుప్పు. ముందు మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు మెదిగేవి. ఆకు చివర్న పడేది. ఆకు పడ్డాక ఎక్కువ నూరనిచ్చేది కాదు, పచ్చి వాసన పోతుందని. నిమ్మకాయ పిండటం తినే ముందే. పక్కింటి ఖాలా అయితే ఒక చెంచా పెరుగు కలిపేది. ఆ రాత్రికి గిన్నె ఖాళీ కావలసిందే. మిగిలిన చట్నీ మర్నాటికి పెట్టడం మా ఇంట్లోనూ లేదు, వాళ్ళింట్లోనూ లేదు. ఫ్రిజ్ లేదు కాబట్టి అన్నది నిజమే. కానీ ఆ లేమి వల్లే ఒక మంచి పద్ధతి నిలబడింది.

ఆకు కొనడానికీ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే గంప ఎత్తుకుని వచ్చే అమ్మ దగ్గర వేళ్ళతో, మట్టితో ఉన్న కట్ట తీసుకునేవాళ్ళం. వేరు ఉంటే ఆకు మధ్యాహ్నం దాకా వాడదు. కూరగాయలు కొంటే నాలుగు రెమ్మల కొత్తిమీర, రెండు రెబ్బల కల్యమాకు కొసరు వేయడం ఆమె మర్యాద. ఇంటికొచ్చాక మా అమ్మ వేళ్ళు కోసి, పండిన ఆకు, కుళ్ళిన ఆకు ఏరి, వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి ఆకును ముంచి ఎత్తేది. కింద ఇసుక దిగేది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ, మళ్ళీ. అడుగున ఇసుక కనపడకుండా పోయేదాకా ఆకు రోట్లో పడేది కాదు. నీళ్ళు మీద పోసి కడిగితే మట్టి ఆకు మడతల్లోనే ఉంటుందని, ముంచి ఎత్తితేనే దిగుతుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఆ మాట అక్షరాలా నిజం.

ఇప్పుడు ఆ కొసరును కూడా యాప్‌లోంచి తెప్పించుకుంటున్నారు. 2024లో బ్లింకిట్ వాళ్ళు కూరగాయలు కొంటే కొత్తిమీర ఉచితం అని పెడితే దేశమంతా అదొక వార్తయింది. మా గంపమ్మ ఏ వార్తా లేకుండా జీవితాంతం ఇచ్చింది.

చట్నీ మీద నాకున్న ప్రేమ చిన్ననాటి రుచి వల్ల మాత్రమే కాదు. నేను ఉద్యోగమంతా ఒక సర్కారు ఆస్పత్రి ప్రయోగశాలలో చేశాను. బ్యాక్టీరియాను పెంచడం, ఏ మందుకు చస్తుందో చూడటం నా పని. అందుకే ఈ ఆకు సంగతి శాస్త్రవేత్తలు తేల్చినప్పుడు శ్రద్ధగా చదివాను. 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ఇసావో కుబో అనే ఆయన, ఆయన బృందం కొత్తిమీర వాసనకు కారణమైన పదార్థాలను విడివిడిగా తీసి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మీద ప్రయోగించారు. మెక్సికో వాళ్ళు తినే సాల్సా అనే పచ్చి చట్నీలో కొత్తిమీర పడుతుంది, అక్కణ్ణుంచి వాళ్ళకు ఆ ఆసక్తి. అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది డోడెసెనాల్ అనే ఆల్డిహైడ్. ఒక మిల్లీలీటరుకు 6.25 మైక్రోగ్రాములు ఉంటే చాలు, సాల్మొనెల్లా చచ్చింది. ప్రయోగశాలలో జెంటామైసిన్ కన్నా రెట్టింపు బలం చూపింది. జెంటామైసిన్ అంటే మా ఆస్పత్రిలో ప్రాణం మీదికొచ్చిన ఇన్‌ఫెక్షన్లకు ఇంజెక్షన్‌గా ఇచ్చే మందు.

అది చంపే తీరు కూడా చూడదగ్గది. డోడెసెనాల్ అణువుకు పన్నెండు కర్బనాల పొడుగు తోక ఉంటుంది. బ్యాక్టీరియా చుట్టూ ఉండేది కొవ్వు పొర. ఈ తోక ఆ కొవ్వులోకి సులువుగా దూరుతుంది, పొర చెదిరిపోతుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. పెరుగుతున్న బ్యాక్టీరియా అయినా, పెరగకుండా ఊరుకున్నదైనా దీనికి ఒకటే. ధనియాల సంగతి వేరు. వాటి నూనెలో ఎక్కువ భాగం లినలూల్. 2011లో పోర్చుగల్‌లో బెయిరా ఇంటీరియర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ధనియాల నూనెను పన్నెండు రకాల బ్యాక్టీరియా మీద పరీక్షించారు. ఈ.కోలై, సాల్మొనెల్లా, బాసిల్లస్ సీరియస్ అన్నీ అందులో ఉన్నాయి. ఈ నూనె కూడా పొరనే దెబ్బతీస్తుందని వాళ్ళు తేల్చారు.

చారు దించాకే కొత్తిమీర వేయాలని మన ఇళ్ళల్లో ఎందుకంటారో ఇప్పుడు చూడండి. ఆకులోని ఆ ఆల్డిహైడ్లు ఆవిరైపోయే సరుకు. ఉడికిస్తే పోతాయి, ఎండబెడితే పోతాయి. ఎండిన కొత్తిమీర పొడి డబ్బాలు అమ్ముతున్నారు, వాసన చూడండి, గడ్డి వాసన. రోట్లో మెదిగినప్పుడు ముక్కుకు కొట్టే ఆ ఘాటే అసలు సరుకు. వెల్లుల్లికీ ఇదే లెక్క. రెబ్బ చితికినప్పుడే అందులో ఎంజైము పనిచేసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో అమెరికాలో కవల్లీటో, బెయిలీ అనే ఇద్దరు దాన్ని వేరు చేసి బ్యాక్టీరియాను చంపుతుందని చూపారు. నిమ్మ పులుపు, ఉప్పు, అల్లిసిన్, ఆకు ఆల్డిహైడ్లు, ఇన్ని ఒక్కచోట చేరిన చట్నీని ఆ పూటకు నూరి ఆ పూటకే తినడం మన ఆడవాళ్ళ తెలివి. దీన్ని పాత అలవాటు అని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు గిట్టదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాల్ షెర్మన్ అనే ఆయన 1998లో ఇలాంటి వాదమే పెద్ద ఎత్తున చేశాడు. 36 దేశాల వంటపుస్తకాలు తీసి, వేడి దేశాల మాంసం వంటల్లో మసాలాలు ఎక్కువగా పడటానికి కారణం అవి క్రిముల్ని చంపడమే అన్నాడు. 2021లో ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకా ఎక్కువ వంటలు తీసి లెక్కగట్టి, ఆ వాదానికి ఆధారం అంతగా లేదన్నారు. దేశాల లెక్క వాళ్ళు వాళ్ళు తేల్చుకోనీ. నా వాదన అంత పెద్దది కాదు. పచ్చి ఆకు చట్నీ ఉన్న చోట పచ్చిగుడ్డు సొన పెట్టడం తెలివితక్కువ పని అన్నదే నా మాట.

ఎందుకంటే సాల్మొనెల్లాకు పచ్చిగుడ్డు అనువైన చోటు. 2024 అక్టోబరు చివర్లో బంజారాహిల్స్ వైపు బండి మీద మోమోలు తిని ఒక తల్లి చనిపోయింది, పదుల మంది ఆస్పత్రుల్లో చేరారు. అంతకుముందు నెలల్లో కూడా ఊళ్ళో ఫుడ్ పాయిజనింగ్ ఘటనలు వరసగా జరిగాయి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ మీదే అనుమానమని చెప్పి తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు దాన్ని నిషేధించింది. గుడ్డు సొన, నూనె, కాస్త వెనిగర్. కలిపాక ఉడికించేది లేదు. అందులో ఒక్క గుడ్డులో సాల్మొనెల్లా ఉన్నా, మన ఊరి వేడిలో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా అది పెరుగుతూనే ఉంటుంది. చలి దేశంలో ఫ్రిజ్‌లోంచి తీసి వాడుకునే సరుకును ఏప్రిల్ నెల బహదూర్‌పురా రోడ్డు మీద పెట్టుకున్నాం. ఆ సరుకు కోసం రోటి చట్నీని బండి మీంచి దించేశాం.

మా రోజుల్లో రోగాలు లేవని నేను అనను. గత్తర వచ్చేది, టైఫాయిడ్ వచ్చేది, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి తీసుకుపోయిన వాళ్ళలో తిరిగిరాని వాళ్ళు ఉన్నారు. కొత్తిమీర వాళ్ళను కాపాడలేదు. కాపాడే శక్తి దానికి లేదు కూడా. వాట్సాప్‌లో కొత్తిమీర రసం తాగితే యాంటీబయాటిక్ అక్కర్లేదని తిప్పుతున్నారు, నాకూ రోజూ పంపుతారు. అది అబద్ధం. కుబో తానే చెప్పాడు, తినే మాంసంతో సమానమైన బరువు కొత్తిమీర తింటేనే ఆ గుణం పూర్తిగా పనిచేస్తుందని. ప్రయోగశాలలో ఆకు నూనె తీసి పెడితే ఫలితం కనపడుతుంది. ఉత్త నీళ్ళలో పిండిన రసానికి అంత బలం రాదు, నూనె నీళ్ళలో కలవదు కాబట్టి. ఒంట్లోకి పోయాక రక్తంలో మందు చేసే పని చట్నీ చేయదు. చట్నీ పళ్లెంలో చేసే పని పళ్లెంలోనే. అక్కడ కూడా అది ఒక అడ్డు మాత్రమే. మాంసం బాగా కాలాలి, చేతులు శుభ్రంగా ఉండాలి, నీళ్ళు బాగుండాలి. ఈ మూడూ ఉన్నప్పుడు ఆకు నాలుగో కాపలా.

నీళ్ళు బాగాలేకపోతే ఆ ఆకే రోగం మోసుకొస్తుంది. 2015లో అమెరికా ఆహార మందుల సంస్థ మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రం నుంచి వచ్చే కొత్తిమీరను వేసవి నెలల్లో రానివ్వకుండా ఆపింది. సైక్లోస్పోరా అనే పరాన్నజీవి ఆకు మీద వచ్చి వందల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. తనిఖీకి వెళ్ళినవాళ్ళకు కొన్ని పొలాల్లో మనుషుల మలం కనపడింది. ఆకులో క్రిముల్ని చంపే గుణం ఉంది, పొలంలో మురుగు ఉంది. మురుగే గెలిచింది.

మన దగ్గర సంగతేమిటి? బహదూర్‌పురా పక్కనే మీరాలం చెరువు ఉంది. 1806 ప్రాంతంలో, నిజాం దివాను మీరాలం పేరుమీద కట్టిన చెరువు. ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు తోరణాలను వరసగా పేర్చి కట్టిన కట్ట. ఇంజనీర్లు ఇప్పటికీ వచ్చి చూస్తారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యే దాకా హైదరాబాదుకు తాగునీళ్ళు ఇచ్చిన చెరువు ఇది. ఒక ఊరికి మంచినీళ్ళు తాగించిన చెరువు మీద నేడు గుర్రపుడెక్క తేలుతోంది, చుట్టుపక్కల కాలనీల మురుగు అందులోకి వస్తోంది. జూ గోడ పక్కన నడిచేటప్పుడు ముక్కు మూసుకోవలసి వస్తోంది.

మూసీ ఇంకా ఘోరం. మా చిన్నతనంలో కూడా అది పెద్ద పరిశుభ్రమైన నది కాదు, అయినా ఒడ్డున తోటల్లో ఆకుకూరలు పండించి తెచ్చి అమ్మితే ఎవరూ భయపడేవారు కాదు. ఇప్పుడు ఊరి మురుగంతా అందులోకే. అంబర్‌పేట దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం, ప్రతాపసింగారం దాకా ఆ నీళ్ళతోనే వరి, పశువులకు పారాగడ్డి, మనుషులకు ఆకుకూరలు పండించారు. రైతుల తప్పేమీ లేదు, వాళ్ళకు వచ్చే నీళ్ళు అవే. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఆ రైతు కుటుంబాలను పరీక్షించి 2008లో తమ ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేయని మురుగునీళ్ళు పారే చోట పొలం పని చేసేవాళ్ళకు నులిపురుగుల బెడద ఎక్కువని తేల్చారు. పొలంలో దిగిన మనిషికి అంటేది, ఆ పొలంలో పెరిగిన ఆకుకు అంటదా? కొత్తిమీర నేలకు జానెడు ఎత్తులో పెరిగే మొక్క, నలభై రోజుల్లో కోసేస్తారు, పచ్చిగా తింటాం. వంకాయ అయితే ఉడుకుతుంది. ఆకు ఉడకదు.

అది చాలదన్నట్టు మండీల్లో, అంగళ్ళలో కట్టలు వాడకుండా ఉండాలని బకెట్లో నీళ్ళు చిలకరిస్తారు. ఆ బకెట్లో నీళ్ళు ఎక్కడివో చూసే తీరిక ఎవరికీ లేదు. పచ్చగా నిగనిగలాడుతోందని చేతిలోకి తీసుకుంటాం. వేళ్ళు కోసేసి, ఆకు మాత్రం ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మే పద్ధతి మరొకటి వచ్చింది. తడి ఆకు గాలాడని సంచిలో ఉంటే బ్యాక్టీరియాకు పండగ. బండి మీద చట్నీ పెట్టేవాళ్ళు కూడా కొందరు మిగిలారు. వాళ్ళలో ఎంతమంది అది రోజూ నూరుతున్నారో నాకు అనుమానమే. పెద్ద స్టీలు డబ్బాలో నిన్నటిదానికి నేడు నీళ్ళు కలిపి, పచ్చ రంగు వేసి, రుచికి నిమ్మ ఉప్పు చల్లిన ద్రవాన్ని చట్నీ అనకూడదు. అలాంటి చట్నీ కన్నా ఏమీ లేకపోవడం మేలు.

విత్తనం మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. మా పెరట్లో మా నాన్న ధనియాలు విత్తేముందు చెప్పు కింద వేసి మెల్లగా రుద్దేవాడు, గింజ రెండు బద్దలయ్యేలా. ఒక్కో ధనియం లోపల రెండు విత్తనాలుంటాయి, విడదీస్తే రెండూ మొలుస్తాయి. చలికాలంలో వేస్తే ఆకు దట్టంగా వస్తుంది, ఎండలు ముదిరితే పూతకు పోతుంది. గుంటూరు లాంఫారం వాళ్ళు సాధన, స్వాతి వంటి మంచి ధనియాల రకాలు తయారుచేశారు, రైతులకు అవి ఎంతో మేలు చేశాయి. కానీ నాటు కొత్తిమీర ఘాటు నాకు ఇప్పటి రకాల్లో తగలడం లేదు. కుండీలో గుప్పెడు ధనియాలు చల్లడానికి మిద్దె మీద చోటు లేనిదెవరికి? ఆ కుండీకి పోసే నీళ్ళు ఏవో మనకు తెలుసు, అదే పెద్ద లాభం.

ఇంక మందుల సంగతి. నా కళ్ళముందు జరిగింది కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. రోగి రక్తం నుంచి పెంచిన టైఫాయిడ్ బ్యాక్టీరియాను అగర్ పోసిన పళ్లెం మీద దూదిపుల్లతో సమంగా పట్టిస్తాం. దాని మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచి పొద్దున తీస్తే, మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా లేని తేట వలయం కనపడుతుంది. పనిచేయని బిళ్ళ అంచుదాకా బ్యాక్టీరియా కమ్ముకుని ఉంటుంది. వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లోరాంఫెనికాల్ బిళ్ళ చుట్టూ వెడల్పాటి వలయం. 1990 వచ్చేసరికి ఆ వలయం మాయం, ఆంపిసిల్లిన్, కోట్రైమాక్సజోల్ కూడా అదే దారి. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. పదేళ్ళు తిరక్కుండా దాని వలయం కుంచించుకుపోవడం మొదలైంది. వాడటం మానేసిన క్లోరాంఫెనికాల్ వలయం మాత్రం మెల్లగా తిరిగి వచ్చింది. మందును ఊరికే వాడకపోతే అది మళ్ళీ పనికొస్తుందని ఆ పళ్లెం చెప్పింది. వినేవాళ్ళు ఉండాలి కదా.

యాంటీబయాటిక్‌లంటే తెలుగువాళ్ళకు గర్వపడే కారణం ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే అక్కడ టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికొచ్చింది, 1948లో. అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. అటువంటి మనిషి పుట్టిన జాతి మనది. నేడు మన వీధుల్లో ఏం జరుగుతోంది? బండి మీద తిని కడుపు చెడితే మెడికల్ షాపుకు వెళ్ళి "విరేచనాల మందు ఇవ్వు" అంటారు. చీటీ అడగకుండా రెండు యాంటీబయాటిక్ గోళీలు చింపి చేతిలో పెడతారు. రెండు పూటలు వేసుకుని తగ్గిందని మానేస్తారు. చావకుండా మిగిలిన బ్యాక్టీరియా ఆ మందును ఎదిరించడం నేర్చుకుని మురుగులో కలుస్తుంది. యాంటీబయాటిక్ పట్టీల మీద నిలువు ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం దాన్ని గురించి ప్రచారం చేసింది. మా వీధిలో ఆ గీత ఏమిటో తెలిసినవాళ్ళు పదిమందిలో ఒకరైనా ఉన్నట్టు నాకు కనపడలేదు.

మన ఊరికి ఇంకో శాపం కూడా ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించారు. దాదాపు తొంభై మందుల తయారీ యూనిట్ల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయ్యాక వదిలిన ఆ నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ప్రపంచంలో ఎక్కడా అంత ఎక్కువ చూడలేదని వాళ్ళు రాశారు. ప్రపంచానికి మందులు చేసిపెట్టే ఊరు మనదని సభల్లో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. ఆ ఊరి వాగుల్లో బ్యాక్టీరియా మందును తట్టుకోవడానికి రోజూ సాధన చేసింది. ఆ లెక్క చదివిన రోజు నా ప్రయోగశాలలో కుంచించుకుపోయిన సిప్రో వలయాలే కళ్ళముందు మెదిలాయి.

కొత్తిమీర ఈ కష్టాన్ని తీర్చదు. కానీ దాని చుట్టూ మన పెద్దవాళ్ళు అల్లుకున్న అలవాట్లు తీర్చే దారిలో ఉన్నాయి. ఆకును ముంచి కడగడం, ఆ పూటకు నూరుకోవడం, పులుపు ఉప్పు తక్కువ కాకుండా చూడటం, మిగిలింది దాచకపోవడం. రోగం రాకుండా చూసుకుంటే మందు అక్కర్లేదు, మందు అక్కర్లేకపోతే మందు బలం నిలుస్తుంది. ఇంత సులువైన మాటను పిల్లలకు చెప్పకుండా, సాస్ ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పేర్చి పెట్టుకుంటున్నాం. మా మనవలకు కొత్తిమీర కట్ట, పుదీన కట్ట పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలియదు. నాకు అది చాలా బాధగా ఉంది.

బండి నడిపే తమ్ముళ్ళకు నా విన్నపం. పచ్చిగుడ్డు మయోనైజ్ జోలికి పోవద్దు. పొద్దున్నే వేళ్ళతో ఉన్న కట్టలు తెచ్చుకోండి, తాగే నీళ్ళతో ముంచి కడగండి, సాయంత్రానికి సరిపడా నూరండి, మూత పెట్టండి, మిగిలితే పారేయండి. మీ చట్నీ కోసమే మీ బండి దగ్గరికి జనం వస్తారు.

అమ్మలకు మరొక విన్నపం. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్ఎస్ నీళ్ళు పట్టండి. ఎర్ర గీత ఉన్న గోళీ మీ అంతట మీరు వేయకండి. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు ఇవ్వమని అడగండి, రాసిన మందు రాసినన్నాళ్ళూ వాడించండి.

అందరికీ ఇంకో మాట. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటి గొట్టంలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు. పాతబస్తీ గల్లీల్లో గొట్టాలూ పాతవే. నల్లా నీళ్ళ రంగు మారినా, వాసన వచ్చినా ఆ నీళ్ళతో ఆకు కడగవద్దు, కాచకుండా తాగవద్దు. వెంటనే జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, పక్కింటివాళ్ళతో కూడా చేయించండి.